కారని పైకప్పు

మార్చి 3

వదినా,

మోకాలు తప్ప అంతా క్షేమం. మీరిద్దరూ, మీ ఆవులూ ఎలా ఉన్నారు? మొన్న ఫోనులో పావుగంట మాట్లాడుకున్నాం కదా. నా వైపు డ్రమ్ములు, నీ వైపు ఆవుల అరుపులు. నువ్వేం చెప్పావో నాకు తెలియలేదు, నేనేం చెప్పానో నీకు తెలిసుండదు. అందుకే కాగితం తీశాను.

మేనత్త ఇంటి పని అయిపోయింది. అత్త పోయినప్పుడు అన్నయ్యా నేనూ అనుకున్నట్టే చేశాను. ఆవిడ మా ఇద్దరికీ వదిలిపోయిన ఫ్లాటు కాబట్టి ముందు బాగు చేయించి, తర్వాత అమ్మి, అన్నయ్య వాటాతో అక్కడ కొత్త పశువుల కొట్టం, నా వాటాతో నాకు ఎక్కడో ఒక చిన్న గది.

ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తు పట్టవు. ముందుగది నేల మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ షీటు ఉండేది గుర్తుందా? దాన్ని పీకితే కింద చెక్క పలకలు బయటపడ్డాయి. ఎర్రగా, వెడల్పుగా ఉన్నాయి. వడ్రంగి వాటి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత "వీటిని కప్పెట్టిందెవరండీ?" అన్నాడు. "మా మేనత్త" అన్నాను. "ఎందుకు?" "తుడవడం తేలికని." ఆ రోజు నేనిచ్చిన టీ ముట్టుకోలేదు.

ముందుగది కప్పు చుట్టూ సున్నంతో చేసిన పూలూ తీగలూ ఉన్నాయి. ఎవరెవరో ఏళ్ళ తరబడి రంగు మీద రంగు వేసి వాటిని పిండిముద్దల్లా చేశారు. పెయింటరు నిచ్చెన మీద మెడ వెనక్కి వాల్చి, ఒక్కొక్క రేకూ గీకాడు. ఇప్పుడు ఆకుల మీద ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. వెనకగది పైకప్పు పెంకులు మార్పించాను. మొన్న పెద్ద వాన పడింది. అలవాటు కొద్దీ బకెట్టు పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే బకెట్టులో చుక్క నీరు లేదు, ఒక సాలెపురుగు మాత్రం ఉంది.

నిన్న ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు వచ్చాడు. ఆయన బూట్ల మెరుపు ముందు నా కొత్త నేల చిన్నబోయింది. "సందడిగల పేటలో, పూర్తిగా బాగుచేసిన సొగసైన పాతకాలపు ఇల్లు" అని ప్రకటన వేయించాడు. సందడి అంటే ఏమిటో కూడా వేయించమన్నాను. తెల్లవారకముందే కూరగాయల బళ్ళు, ఎదురుగా నేను పనిచేసే లాండ్రీ ఆవిరి కూత, మూల మీద మంగలి షాపు రేడియో, కింది అంతస్తులో డ్రమ్ములు నేర్చుకునే బ్యాంకు ఉద్యోగి. నేర్చుకోవడం మొదలుపెట్టి ఏళ్ళయింది, ఇంకా మొదట్లోనే ఉన్నాడు. ఏజెంటు నవ్వి, "సందడి అన్న మాటలో అన్నీ వచ్చేస్తాయి మేడమ్" అన్నాడు.

ఆ ప్రకటన కాగితం ఇందులో పెడుతున్నాను, బొమ్మతో సహా. బొమ్మలో కనిపించే కిటికీ దగ్గరే అత్త కూర్చునేది. అన్నయ్యకి చూపించు. వానాకాలానికి ముందే కొట్టం పని మొదలుపెట్టుకోవచ్చని చెప్పు.

లాండ్రీలో తెల్ల కోటు మీద ద్రాక్షరసం మరక ఒకటి నా కోసం ఎదురు చూస్తోంది. ఉంటాను.

నీ ఆడపడుచు


మార్చి 11

అమ్మాయ్,

నీ ఉత్తరం పాలు పితికే వేళకి వచ్చింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి మీ అన్నయ్య పారిపోలేడని, పక్కనే పీట వేసుకుని మొత్తం చదివి వినిపించాను. చెక్క నేల సంగతి విని "ఊఁ" అన్నాడు. కప్పు మీద పూల సంగతి విని "ఊఁ" అన్నాడు. కొట్టం మాట రాగానే ఏమీ అనలేదు, ఆవు పొదుగు వైపే చూశాడు. ఈ ఇంట్లో మాట్లాడేది నేను, అరిచేవి ఆవులు. మీ అన్నయ్య ఈ రెండు జట్లలోనూ లేడు.

బొమ్మ మాత్రం చూశాడు. చేతులు తుడుచుకుని మరీ చూశాడు.

పక్కగదిలో మేత బస్తాలన్నీ తీయించి సున్నం కొట్టించాం. ఎవరి కోసమో నువ్వే ఊహించుకో. ఒక్కటి చెప్పు. తూర్పు వైపు కిటికీ ఉంటే పొద్దున్నే ఎండ మొహాన పడుతుంది కదా, పడుకున్నవాళ్ళకి చిరాకంటావా? మీ అన్నయ్యని అడిగితే "ఊఁ" అన్నాడు. అది ఔనని ఊఁనో, కాదని ఊఁనో తేలలేదు.

మోకాలికి వేడి గుడ్డ కట్టు. ఆ మెట్లు ఎక్కడం, దిగడం ఇంకెన్నాళ్ళులే.

చుక్క ఈనింది. పెయ్యదూడ. తల్లిలాగే నుదుటి మీద తెల్లమచ్చ. పుట్టిన గంటకే మీ అన్నయ్య చొక్కా అంచు నమిలింది.

వదిన


మార్చి 19

వదినా,

చుక్క ఈనిందంటే సంతోషం. పక్కగది ఎందుకు ఖాళీ చేశారో అర్థమైంది. కొట్టం అంత పాడైందా? దూడల్ని ఇంట్లోకి తెచ్చుకునేదాకా వచ్చిందా? నాకు ముందే చెప్పాల్సింది. దూడకి తూర్పు కిటికీ అయినా పడమటి కిటికీ అయినా ఒకటే. గోడ మీది సున్నం మాత్రం నాకుతుంది, చూసుకో.

ఇక్కడ బేరాలు మొదలయ్యాయి. మొదట పొడుగు కోటాయన, ఆయన భార్య వచ్చారు. ఏజెంటు తలుపు తీసి "చూడండి ఈ వెలుగు!" అన్నాడు. నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న సంతలో ఆవు పక్కన నిలబడి, కొనేవాడు నోరు తెరవకముందే దాని తప్పులు చెప్పేసేవాడు కదా. "ఇది పొడవదు. కానీ కొత్త చెయ్యి పడితే పాలు చేపదు. చలికి ఎడంకాలు పట్టేస్తుంది. కుక్కని చూస్తే బెదురుతుంది." ఆ తర్వాతే ధర మాట. మన ఇంట్లో ఇంకో రకంగా అమ్మడం నేను చూడలేదు. నాకు రాదు కూడా.

కాబట్టి చెప్పాను. "బాత్రూము తలుపు వానకి ఉబ్బుతుందండీ, భుజంతో తొయ్యాలి. కుళాయి తిప్పిన చాలాసేపటికి గానీ వేడినీళ్ళు రావు. కిందాయన డ్రమ్ములు కొడతాడు, ఆదివారం భోజనం చేశాక మరీనూ. మెట్లలో ఒకటి కిర్రుమని అరుస్తుంది. ఏదో చూపిస్తాను రండి." కోటాయన తన భార్య చెయ్యి పట్టుకున్నాడు. మెట్టు అరుపు వినడానికి కూడా ఆగలేదు. పోతూ పోతూ దాని మీద కాలు పెట్టారు, అప్పుడు విన్నారు.

ఏజెంటు కుర్చీలో కూలబడ్డాడు. "మేడమ్, మీరు ఇల్లు అమ్ముతున్నారా, కోర్టులో సాక్ష్యం చెబుతున్నారా?"

"తప్పులు దాచి అమ్మితే మోసం కదా బాబూ."

"అడిగితే చెప్పండి. అడక్కుండా చెప్పడం ఏమిటి? ఇంతకీ మీ నాన్నగారిది ఏం వ్యాపారం?"

"పశువులు."

ఆయన టై వదులు చేసుకున్నాడు.

నువ్వేం కంగారు పడకు. తొందర్లోనే అమ్మేస్తాను. దూడలతో కలిసి కాపురం చేయాల్సిన గతి ఎక్కువ రోజులు ఉండదు.

నీ ఆడపడుచు


మార్చి 27

అమ్మాయ్,

కోర్టు సాక్ష్యం దగ్గర నవ్వలేక నాకు పొలమారింది. మీ అన్నయ్య కూడా నవ్వాడు. శబ్దం రాలేదు గానీ భుజాలు కదిలాయి.

దూడ హాస్యం ఇంకా బాగుంది. సరే, దూడకి తూర్పు కిటికీయే ఖాయం చేశాం. గోడకి అద్దం కూడా తగిలించాం.

మామయ్యగారి పద్ధతిలో నువ్వు సగమే చేస్తున్నావు. మిగతా సగం మర్చిపోయావు. తప్పులు చెప్పడం ఎందుకు? అవన్నీ విని కూడా, దగ్గరికి వచ్చి, వీపు మీద చెయ్యి వేసి నిమిరేవాడు ఒకడు ఉంటాడు. మామయ్యగారు వాడి కోసమే చూసేవారు. "మిగతావాళ్ళు ధర కోసం వచ్చారమ్మా, వాడొక్కడే ఆవు కోసం వచ్చాడు" అనేవారు. ఇంటికి వీపు ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఉంటే మాత్రం వాడే నిమురుతాడు. కనిపెట్టి చూడు.

కొట్టం గురించి బెంగ పెట్టుకోకు. ఒక పక్కకి వాలింది, అయినా నిలబడే ఉంది. మీ అన్నయ్యా అంతే.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పొంగాయి.

వదిన


ఏప్రిల్ 6

వదినా,

దూడకి అద్దం ఎందుకు? అన్నయ్య పశువుల మీద కొత్త పుస్తకం ఏదైనా చదువుతున్నాడా?

బేరాలు చాలా వచ్చాయి, అన్నీ పోయాయి. ఒక పళ్ళ డాక్టరు వచ్చి కిటికీలన్నీ వేలితో తట్టి చూశాడు. డ్రమ్ముల మాట వినగానే "రోజంతా నా డ్రిల్లు చప్పుడు చాలమ్మా నాకు" అని లేచాడు. తర్వాత టేపు పట్టుకుని ఒకావిడ వచ్చింది. గోడలన్నీ కొలిచి, తన బీరువా ఎక్కడా పట్టదని నన్ను కోప్పడి వెళ్ళింది. ఏజెంటు ఇప్పుడు నాకూ కొనేవాళ్ళకీ మధ్య నిలబడుతున్నాడు. "మీరు లోపలికెళ్ళి టీ పెట్టండి మేడమ్. టీ బాగా మరగాలి. తొందరేం లేదు" అంటున్నాడు.

పేటంతా తెలిసిపోయింది. కూరగాయలావిడ కొసరు వేస్తూ "అమ్మేసి ఎక్కడికి పోతావక్కా? నీ మరకలు ఎవరు తీస్తారు?" అంది. "నావి కాదే, మీ మరకలు" అన్నాను. కొనేవాళ్ళు వస్తున్నారని మంగలి పాపం రేడియో తగ్గించాడు. తగ్గిస్తే నాకు తోచలేదు. వెళ్ళి పెంచమని చెప్పి వచ్చాను.

శనివారం బస్సు నడిపే ఆవిడా, వాళ్ళాయనా వచ్చారు. మా వీధిలోంచి పోయే బస్సే ఆవిడది. ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. మాట తక్కువ, అన్నయ్య జాతి. నేను అన్నీ చెప్పాను. ఆవిడ అన్నీ వింది.

"డ్రమ్ములా? నేను రోజూ ఇంజను పక్కన కూర్చుంటానండీ. నాకు అదే జోల."

"తెల్లవారకముందే కూరగాయల బళ్ళు..."

"అప్పటికే నేను డిపోలో ఉంటాను."

అరిచే మెట్టు ఏదో అడిగి, ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి నవ్వింది. తర్వాత అత్త కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ చెక్క మీద అరచెయ్యి వేసి పైనుంచి కిందికి నిమిరింది.

నువ్వు రాసింది గుర్తొచ్చింది. నా చేతిలో ట్రే ఉంది, ఒక కప్పు ఒలికింది. టీ మరకే, వెంటనే చన్నీళ్ళు పోస్తే పోతుంది.

వెనకగది పైకప్పు కారుతుందనీ, నేల పలకల కింద చెదలున్నాయనీ కూడా చెప్పాను. ఏదీ దాచలేదు. ఏజెంటు నన్ను చూసిన చూపుతో రెండు దుప్పట్లు ఇస్త్రీ చేయొచ్చు.

"ఆలోచించుకుని వస్తాం" అని వెళ్ళారు. అలా అన్నవాళ్ళెవరూ ఇంతవరకు రాలేదులే.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 9

అమ్మాయ్,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

మీ అన్నయ్య అటక మీది నుంచి నీ చిన్నప్పటి మంచం దించాడు. ఎవరూ చెప్పలేదు. ఒక కాలు విరిగి ఉంటే కొత్తది చెక్కి బిగించాడు. నేను వెంటపడకుండా ఆయన ఈ ఇంట్లో బాగుచేసిన మొదటి వస్తువు అదే. పక్కగదిలో తూర్పు కిటికీ కింద వేసి, దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి, "ఆగుతుంది" అన్నాడు. "ఏం, మీ చెల్లెలు అంత బరువుందా?" అన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

ఇక దాచడం దేనికి? ఇల్లు అమ్ముడుపోగానే లాండ్రీలో చెప్పేసి ఇక్కడికి వచ్చెయ్యి. నువ్వు అక్కడ ఎక్కడో ఒక గదిలో ఉండడం ఏమిటి పిచ్చిదానా? నీ మోకాలికి మెట్లు లేని ఇల్లు, నాకు మాటకి మాట చెప్పే మనిషి. కిటికీకి ఏ రంగు తెర కావాలో రాయి. నీలం గుడ్డ ఇంట్లోనే ఉంది, కాబట్టి నీలమే కావాలని రాయి.

వదిన


ఏప్రిల్ 16

వదినా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. ఆ గది నాకా! ఇన్నాళ్ళూ దూడలకి ఇంట్లో పడకేమిటని నేను బెంగ పెట్టుకుంటున్నాను. అద్దం సంగతి ఇప్పుడు తెలిసింది. అన్నయ్య మంచం బాగుచేశాడని చదివాక, లాండ్రీలో ఒకే చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

నీలమే కావాలి.

బస్సావిడ వాళ్ళు రారన్నాను కదా, వచ్చారు. ఈసారి వెంట ఒక మేస్త్రీని తెచ్చారు. ఆయన పెంకుల మీదికెక్కాడు, అటకలో దూరాడు, నేల మీద పలకలు లేపి టార్చి వేసి చూశాడు. దుమ్ము దులుపుకుంటూ వచ్చి "ఎక్కడా కారడం లేదు. చెద లేదు. ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదు. కారుతుందని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. "ముందు జాగ్రత్తకి చెప్పాను" అన్నాను.

మనం అడిగిన ధరకే తీసుకుంటారట. నెలాఖరులోపు నేను సరే అనాలి. ఏజెంటు అరిచే మెట్టు మీద రెండుసార్లు ఎగిరాడు. నేనూ సంతోషంగానే ఉన్నాను. సరే అనేస్తాను. కొట్టానికి దూలాలూ రేకులూ చెప్పేయమని అన్నయ్యతో అను.

ఇక్కడ పొద్దున ఎలా అవుతుందో నీకెప్పుడూ రాయలేదు. ముందు బళ్ళ చక్రాలు. తర్వాత కూరగాయలావిడ తూకం రాళ్ళని తిట్టే తిట్లు. తర్వాత మంగలి షట్టరు. ఆ తర్వాత మా లాండ్రీ ఆవిరి కూత. ఆ కూతకి లేచానంటే సరిగ్గా పనికి అందుకుంటాను. ఏళ్ళుగా గడియారం చూడలేదు. ఇవన్నీ ఇంటి తప్పుల్లో చెప్పినవేలే. అక్కడ లేపడానికి ఆవులున్నాయిగా.

ఉంటాను. ఏజెంటు కాగితాలు తెస్తానన్నాడు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 22

అమ్మాయ్,

దూలాలు చెప్పలేదు, రేకులూ చెప్పలేదు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

వెనకగది కారుతుందని చెప్పావా ఆవిడకి? బకెట్టులో సాలెపురుగు ఉందని రాసింది ఎవరు మరి? నాకింకా మతిమరుపు రాలేదు. చెదలెక్కడివి? వడ్రంగి టీ తాగకుండా అలిగింది చెదపట్టిన పలకల కోసమా?

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజులు. అప్పటికే నువ్వు పట్నంలో అత్త దగ్గర ఉన్నావు. తెల్లకాళ్ళ ఆవు ఉండేది చూడు, నువ్వు బడి నుంచి రాగానే నీ జడ నమిలేదట. దాన్ని మామయ్యగారు సంతకి తోలుకెళ్ళారు. సంత చూడలేదు కదా అని నన్నూ తీసుకెళ్ళారు. ఒకాయన దాని దగ్గర ఆగాడు. మామయ్యగారు తప్పులు అందుకున్నారు. "ఇది తన్నుతుంది. కంచె దూకుతుంది. ఆరేసిన బట్టలు తినేస్తుంది. పాలు మరీ పలచన."

నేను కొత్త కోడలిని, నా తెలివి చూపించుకోవాలి కదా. "అదెప్పుడు తన్నింది మామయ్యా? చిన్నపిల్ల వెళ్ళి పొదుగు పట్టుకున్నా కదలదు కదా!" అన్నాను. కొనేవాడి మొహం వెలిగిపోయింది. మామయ్యగారి మొహం ఎలా మారిందో నేను చెప్పను. "ఇవాళ అమ్మడం లేదు" అని తాడు విప్పి ఇంటిదారి పట్టారు. దారంతా ఆయనా మాట్లాడలేదు, ఆవూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నేనే ఉండబట్టలేక అడిగాను.

"మీరు అబద్ధం చెప్పరంటారు కదా మామయ్యా?"

"అమ్మేదాని గురించి చెప్పనమ్మా. ఇది అమ్మేది కాదు."

"మరి సంతకెందుకు తోలుకెళ్ళారు?"

"మీ అత్తగారు తోలుకెళ్ళమంది." అంటే మీ అమ్మ.

నీ ఉత్తరమూ, ఈ ఆవు సంగతీ కలిపి మీ అన్నయ్యకి వినిపించాను. పాలబిందె కింద పెట్టాడు. తర్వాత మాట్లాడాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "కొట్టం కోసం కాదే. ఊరికే రమ్మంటే అది రాదు. ఇల్లు అమ్మితే వస్తుందనుకున్నా." ఇన్నాళ్ళూ నాతో కూడా అనలేదు. కొట్టం కోసమే అని నువ్వనుకున్నావు, నేననుకున్నాను, ఆ కొట్టం కూడా అనుకునే ఉంటుంది. నిన్న గుంజలు మార్చి నిలబెట్టాడు. ఇంకొన్నేళ్ళు ఎటూ పోదు.

ఇదంతా నీ మీద జాలితో రాస్తున్నానని అనుకోకు. కోపంతోనే రాస్తున్నాను. నువ్వు వస్తావని ఎన్ని అనుకున్నానో. తెర కుట్టేశాను కూడా.

ఒక పని చెయ్యి. నేను ఆ ఇల్లు కొనడానికి వచ్చాననుకో. వచ్చి నీ గుమ్మంలో నిలబడ్డాను. తప్పులు చెప్పు. ఉన్నవే చెప్పు.

వదిన


ఏప్రిల్ 28

వదినా,

కూర్చునే చదివాను. చదివాక కూడా కాసేపు కూర్చున్నాను.

అమ్మడం లేదు. చెప్పేశాను. ఏజెంటు తల పట్టుకుని, "ఈ మాట మొదటి రోజే అంటే నా బూట్లయినా మిగిలేవి మేడమ్" అన్నాడు. మెట్లు సగం దిగి మళ్ళీ వచ్చి, మెడలో టై తీసి ఇచ్చి, దాని మీద మరక పోతుందేమో చూడమన్నాడు. పోతుంది. గుడ్డుసొన.

బస్సావిడకి నేనే డిపోకి వెళ్ళి చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది. "మేస్త్రీని తెచ్చినప్పుడైనా చెప్పాల్సిందండీ. మేం పిల్లి ఎక్కడ పడుకోవాలో కూడా అనుకున్నాం" అంది. ఆవిడ మాట న్యాయమే. మోకాలు చూపించుకోవడానికి ఆ బస్సే ఎక్కాలి. ఆవిడ కనిపిస్తే వెనక బస్సు కోసం ఆగుతున్నాను. ఇలా కొన్నాళ్ళు తప్పదు.

అన్నయ్యతో చెప్పు, ఊరికే రమ్మని ఒకసారి అని చూడాల్సింది. అన్నా నేను వచ్చి ఉండేదాన్ని కాదేమో. కానీ అనాల్సింది. ఈ ఇంట్లో సగం ఇప్పటికీ ఆయనదే. ఏ సగం కావాలో ఆయనే వచ్చి చూసుకోవాలి.

సరే, గుమ్మంలో నిలబడ్డావు కదా. విను.

బాత్రూము తలుపు వానకి ఉబ్బుతుంది. వేడినీళ్ళు తీరిగ్గా వస్తాయి. కింద డ్రమ్ములు ఆగవు. నిన్న మాత్రం ఒక్క నిమిషం పాటలా వినబడింది, పొరపాటున అయి ఉంటుంది. మెట్లు ఏటేటా ఎక్కువవుతున్నాయి. ఇది ఇంటి తప్పో మోకాలి తప్పో చెప్పలేను. కిటికీ దగ్గర కుర్చీ అత్త కూర్చుని కూర్చుని ఒక పక్కకి గుంటపడింది. అందులో ఇంకెవరికీ కుదురు ఉండదు, దాన్ని పారేయనూ లేదు. చెక్క నేల మీద ఏది పడినా మరకవుతుంది. ఆకుపచ్చ షీటు ఎందుకు వేసిందో అత్తకే తెలుసు.

వెనకగది కారదు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. అసలు తప్పు వేరే ఉంది. బాగుచేయించిన తర్వాత కూడా అందులో ఎవరూ పడుకోరు. ఎప్పుడూ తలుపు వేసే ఉంటుంది. సాయంత్రం పని నుంచి వచ్చాక ఆ తలుపు ముందు నుంచి కొంచెం గబగబా నడుస్తాను. ఇది చెప్పకుండా అమ్మితే మోసం.

చెప్పాను. నిమురుతావో, కోటాయనలా పారిపోతావో నీ ఇష్టం.

నీ ఆడపడుచు


మే 5

అమ్మాయ్,

అన్నీ విన్నాం. మీ అన్నయ్య వెనకగది దగ్గర మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అప్పుడు ఆ ప్రకటన కాగితం ఎక్కడుందని అడిగాడు. తెచ్చిచ్చాను. చేతులు తుడుచుకుని, బొమ్మలో ఆ కిటికీ మీద బొటనవేలు వేసి, పైనుంచి కిందికి నిమిరాడు. మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

ఆయన ఆవుల్ని వదిలి రాడు. నేను వస్తున్నాను. గురువారం పొద్దున బస్సు. నీలం తెర తెస్తున్నాను. వెనకగది కిటికీ కొలత నాకు తెలియదు. తెర సరిపోకపోతే కిటికీని సరిచేయించు. ఇక్కడి గదిలో బస్తాలు మళ్ళీ పెట్టనివ్వలేదు. ఆ మంచం అలాగే ఉంటుంది. మోకాలు బాగా లేనప్పుడు నువ్వొచ్చి పడుకో.

నా తప్పులు కూడా ముందే చెబుతున్నాను, తర్వాత మోసం అనకు. కోడికన్నా ముందు లేస్తాను. లేచాక గిన్నెలతో చప్పుడు చేస్తాను. అడక్కుండా సలహాలు చెబుతాను. ఆ బ్యాంకాయన దగ్గరికి వెళ్ళి డ్రమ్ములు మెల్లగా కొట్టమని కాదు, సరిగ్గా కొట్టమని చెబుతాను. బస్సావిడ బస్సే ఎక్కుతాను, నిన్నూ ఎక్కిస్తాను. ఎప్పుడు వెళ్తావని అడిగితే అలుగుతాను.

ప్రయాణం ఖాయమైన దగ్గర్నుంచి మీ అన్నయ్యకి మాటలు వచ్చాయి. ఇప్పుడు పక్కనే కూర్చుని, నా తప్పుల్లో ఇవి కూడా రాయమంటున్నాడు. "దానికి గురక అని రాయి. నిద్రలో నడుస్తుందని రాయి, ఆ మెట్ల మీద ప్రమాదం. కూరలో ఉప్పు గుప్పిళ్ళతో వేస్తుందని రాయి. పట్నం నీళ్ళు పడవని రాయి."

చెప్పినవన్నీ రాశాను. వాటిలో ఒక్కటీ నిజం కాదని నీకు తెలుసు.

వదిన